డాబా మీద రెండు తేనెపెట్టెలు: హన్మకొండ ప్రాజెక్టు డైరీ

నవంబరు, మొదటి వారం

పెట్టెలు ఇంకా కొనలేదు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మాది హన్మకొండలో 200 గజాల ప్లాటులో కట్టిన ఇల్లు. ఎడమ పక్క ఇల్లు, వెనక ఇల్లు, కుడి పక్క ఖాళీ ప్లాటు. ఇలాంటి చోట డాబా మీద తేనెటీగలు పెంచాలంటే పర్మిషన్ కావాలా? కావాలంటే ఎవరిని అడగాలి?

బల్దియా (మున్సిపల్ కార్పొరేషన్) వార్డు ఆఫీసుకు వెళ్లి అడిగాను. కంప్యూటర్ ముందున్న తమ్ముడు తలెత్తి, "బర్రెలు, కోళ్లు, పందుల మీద కంప్లయింట్లు వస్తయి సార్. తేనెటీగలు పెంచుత అని అడగనీకి వచ్చింది మీరే" అన్నాడు. ఫారం లేదు, ఫీజు లేదు, వద్దనే కాగితమూ లేదు. "మీ ఇంట్ల మీరు పెట్టుకుంటే మాకేంది, పక్కోళ్లు మా దగ్గరికి రాకుంటే చాలు" అని టీ తాగడానికి లేచాడు.

ఇంటికొచ్చి చట్టాలు తిరగేస్తే ఆ తమ్ముడు చెప్పింది దాదాపు కరెక్టే అని తేలింది. మన దగ్గర నడిచేది 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం. తేనెటీగల పెంపకానికంటూ అందులో విడిగా అధ్యాయమేమీ లేదు. కానీ ఇబ్బంది వచ్చాక పట్టుకునే సెక్షన్లు వేరే చోట ఉన్నాయి. పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ ఉంది. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు గానీ, తీవ్రమైన గాయం గానీ కాకుండా తగిన జాగ్రత్త తీసుకోని వాళ్లకు ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఈగ జంతువెట్లా అవుతుందని నాకూ అనుమానం వచ్చింది. అదే చట్టం మొదట్లో, మనిషి కాని ఏ ప్రాణి అయినా జంతువే అని రాసి ఉంది. ఇక భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152, అంటే పాత సీఆర్‌పీసీ 133. దాని కింద పబ్లిక్ న్యూసెన్సు అనిపించినదాన్ని తీసేయమని ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు ఆర్డరివ్వొచ్చు.

అంటే పెట్టేటప్పుడు అడిగేవాళ్లు లేరు, పెట్టాక అడిగేవాళ్లు మాత్రం బోలెడు. ముందుంది ముసళ్ల పండగ.

ఉద్యాన శాఖ ఆఫీసులో మాత్రం బాగా మాట్లాడారు. సబ్సిడీల సంగతి, ట్రైనింగుల సంగతి, జాతీయ తేనెటీగల బోర్డు సంగతి చెప్పారు. 2021 ఏప్రిల్‌లో మొదలైన మధుక్రాంతి పోర్టల్లో పేరు నమోదు చేసుకోవచ్చన్నారు. అదంతా తేనె ఎక్కడిది, ఎవరు తీశారు అనే లెక్క కోసం. గోడకు ఎంత దూరంలో పెట్టాలి, ఎన్ని పెట్టెల దాకా పెట్టొచ్చు అనేది అందులో దొరకదు.

నవంబరు, రెండో వారం

మన దగ్గర రూలు లేకపోతే ఉన్నచోట ఎట్లుందో చూద్దామని కూర్చున్నాను. న్యూయార్క్ నగరం 1999 నుంచి తేనెటీగల్ని నిషేధిత జంతువుల జాబితాలో పెట్టి, 2010లో తీసేసింది. ఇప్పుడు అక్కడ హెల్త్ డిపార్ట్‌మెంటులో పెట్టెలు రిజిస్టర్ చేస్తే చాలు. కెనడాలో అంటారియో వాళ్ల బీస్ యాక్టు చాలా ఏళ్లుగా ఇళ్లున్న స్థలం సరిహద్దుకు 30 మీటర్ల లోపు పెట్టె ఉండొద్దంటూ వచ్చింది. మా గల్లీలో 30 మీటర్లంటే నా పెట్టె అవతలి రెండిళ్లు దాటి మూడో ఇంట్లో ఉండాలి. ఆ రూలు ఇక్కడికొస్తే వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడింట్లోనూ ఒక్క పెట్టె ఉండదు.

నాకు పనికొచ్చింది అమెరికాలో చాలా ఊళ్లు రాసుకున్న చిన్న రూలు. పెట్టె వాకిలి ముందు ఆరడుగుల ఎత్తు అడ్డు ఉండాలి, గోడ గానీ, దడి గానీ, చెట్ల వరస గానీ. వాకిలి దాటగానే ఈగ ఆ అడ్డు మీంచి ఎగరాలి కాబట్టి నేరుగా పైకి లేస్తుంది, మనిషి తల కన్నా ఎత్తులో పోతుంది. రెండోది, పెట్టె దగ్గరే ఏడాది పొడుగునా నీళ్లుండాలి. ఈ రెండూ దూరం కొలిచే రూలు కంటే తెలివైనవి. మీటర్లు ఈగకు తెలియవు, అడ్డు తెలుస్తుంది.

ఏ జాతి అనేది కూడా ఇప్పుడే తేల్చాను. ఇటాలియన్ ఈగలు తేనె ఎక్కువ ఇస్తాయి. కానీ పెట్టె పెద్దది, ఈగల సంఖ్యా ఎక్కువే. పూత అయిపోగానే పెట్టెల్ని వేరే ఊరి తోటలకు మార్చే తీరిక ఉన్నవాళ్లకే అవి బాగుంటాయి. నాకు మన పుట్ట తేనెటీగే నయం. చెట్టు తొర్రల్లో, గోడ సందుల్లో, పుట్టల్లో వరసగా పట్టులు పెట్టేది ఇదే. ఎనిమిది ఫ్రేముల (ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాల) చిన్న పెట్టె చాలు. ఎక్కువ దూరం పోదు, కిలోమీటరు, కిలోమీటరున్నర లోపే తిరుగుతుంది. ఆ దూరంలో నాకు యూనివర్సిటీ క్యాంపస్ వేపలు, కానుగలు, ఇళ్ల ముందు మునగలు, కొబ్బరి చెట్లు ఉన్నాయి. దీనికున్న ఒకే చెడ్డ అలవాటు, నచ్చకపోతే పెట్టె వదిలేసి పోవడం. చీమలు పట్టినా, ఎండ దంచినా, మరీ కెలికినా చెప్పకుండా పోతుంది.

డిసెంబరు

ఈ నెలంతా ఈగల పని కాదు, మనుషుల పని.

ఎడమ పక్కింటి పెద్దసారు కాజీపేట రైల్వేలో చేసి రిటైరయ్యారు. నేను చెప్పింది మొత్తం విని, "నాకేం భయం లేదయ్యా. మొన్నెండాకాలం గల్లీ చివర ట్యాంకు మీద పట్టు లేస్తే మా మనవడు ఉరికి కింద పడ్డడు. గదొక్కటి యాదికొస్తది" అన్నారు. అందరికీ యాదికొచ్చేది అదే. ట్యాంకుల మీద, బిల్డింగుల సజ్జల కింద, పెద్ద మర్రిచెట్లకు వేలాడేవి కొండ తేనెటీగలు. ఒక్కో ఈగ వేలి కణుపంత ఉంటుంది. ఒకే పట్టు, మీటరు వెడల్పు దాకా, ఆరుబయటే. రాయి తగిలినా, గద్ద కొట్టినా, కింద పొగ పెట్టినా వందల్లో లేస్తాయి, చాలా దూరం తరుముతాయి. అవి పెట్టెలో బతకవు, ఎవరూ పెంచలేరు. నేను పెట్టబోయేది వాటిలో దాదాపు సగం ఉంటుంది, చీకటి గూట్లో ఉంటుంది.

"అయితే కుట్టదా?" అన్నారు సారు ఇల్లాలు.

కుడుతుందమ్మా. పెట్టె కదిలిస్తే, వాకిలి ముందు అడ్డంగా నిలబడితే, జుట్టులో చిక్కుకుంటే కుడుతుంది. ఈ మాట దాచిపెడితే మొదటి కుట్టుతోనే నా ప్రాజెక్టు మూతపడుతుంది.

అసలైన ప్రశ్న వెనకింటి చెల్లె అడిగింది. "కుడితే ఎవరు జవాబుదారి అన్నా?" నేనే అన్నాను. "గట్లయితే రాసియ్యి."

రాసిచ్చాను. ఎ4 కాగితం మీద, ఒక పేజీకి మించకుండా, తెలుగులో. రెండు పెట్టెలే, మూడోది పెట్టను. పెట్టెలు తెరిచేది స్కూలు వ్యాన్లు పోయాక, పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండు లోపు, ముందురోజు వాడకట్టు వాట్సాప్ గ్రూపులో చెప్పాకే. వాకిళ్లు కుడి పక్క ఖాళీ ప్లాటు వైపే ఉంటాయి, ముందు ఏడడుగుల నెట్ ఉంటుంది. నీళ్లు పెట్టెల దగ్గరే పెడతాను. ఎవరికైనా ఒంట్లో ఎలర్జీ వచ్చినట్టయితే ఒక్క రోజులో పెట్టెలు ఊరవతలికి పంపిస్తాను. తేనె ఇస్తానని మాత్రం రాయలేదు. అది రాస్తే లంచంలా ఉంటుందని మా ఆవిడ కొట్టేయించింది.

ఎలర్జీ మాట ఊరికే రాసింది కాదు. కుట్టిన చోట వాపు, మంట, దురద అందరికీ వస్తాయి, ఒకట్రెండు రోజుల్లో పోతాయి. కానీ కొద్దిమందికి నాలుక, పెదవులు ఉబ్బడం, ఊపిరి ఆడకపోవడం, ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు తిరగడం నిమిషాల్లో మొదలవుతాయి. అప్పుడు పసుపు, సున్నం పెడుతూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేసి ఎంజీఎం ఆస్పత్రికి పోవాలి. అడ్రినలిన్ ఇంజెక్షనే దానికి మందు. ఇంటింటికీ తిరిగి, ఇదివరకు కందిరీగో, తేనెటీగో కుడితే అట్లా అయినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఎదురింటి మేడ మీద కిరాయికుండే పిలగాడికి చీమలు కుడితేనే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయట. వాళ్లమ్మను డాక్టరుకు చూపించమన్నాను. చూపించి, భయం లేదని చెప్పాకే ఆమె సంతకం పెట్టింది.

జనవరి, సంక్రాంతి ముందు

డాబా మీద ఈశాన్యం మూల ఖాళీ చేశాను. వాస్తు కోసం కాదు, పొద్దుటి ఎండ తొందరగా పడుతుంది, మధ్యాహ్నం మెట్లగది నీడ వస్తుంది.

ఇనుప యాంగిల్‌తో అడుగున్నర ఎత్తు స్టాండ్లు వెల్డింగ్ చేయించాను. నాలుగు కాళ్ల కిందా ప్లాస్టిక్ గిన్నెలు, వాటిలో నీళ్లు, పైన నాలుగు చుక్కల వాడేసిన ఇంజన్ ఆయిల్. ఇది లేకపోతే రాత్రికి రాత్రి చీమలు ఎక్కేస్తాయి. ఆయిల్ వేసింది చీమల కోసమే కాదు, నిలవ నీళ్లలో దోమ గుడ్లు పెట్టొద్దని. డెంగ్యూ సీజన్‌లో బల్దియా వాళ్లు వచ్చి మొదట చూసేది ఇలాంటి గిన్నెలే.

ఈగల నీళ్ల కోసం వెడల్పాటి మట్టి మూకుడు, అందులో గులకరాళ్లు. రాళ్ల నెత్తి నీళ్ల పైకి ఉండాలి, లేకపోతే దిగిన ఈగ మునిగిపోతుంది. ఈ మూకుడు ఈగలు రాకముందే పెట్టడం ముఖ్యం. ఒకసారి పక్కింటి కూలరో, తులసికోట దగ్గరి చెంబో అలవాటైందంటే తర్వాత మనం ఎంత మంచి నీళ్లు పెట్టినా ఇటు చూడవు.

పిట్టగోడ మూడడుగులే ఉంది. దాని మీద కర్రలు కట్టి ఆకుపచ్చ షేడ్ నెట్ బిగించాను, మొత్తం ఏడడుగులు. ఏప్రిల్‌లో గాలిదుమారం వస్తే ఈ నెట్ తెరచాపలా లేస్తుందని మేస్త్రీ బెదిరించాడు. అందుకే పెట్టెలను స్టాండుకు తాడుతో కట్టే కొక్కేలు కూడా పెట్టించాను.

జనవరి, చివరి వారం

ఈగలు వచ్చాయి. అమ్మిన ఆయన ఎనిమిది ఫ్రేముల నిండా ఈగలన్నాడు. తీరా చూస్తే ఒక పెట్టెలో ఐదింటికే పట్టు ఉంది, ఫోన్ ఎత్తడం మానేశాడు. సరే, రాణి ఉంది, గుడ్లు ఉన్నాయి, నడుస్తుంది.

పెట్టెలు తెచ్చేది చీకటి పడ్డాకే. పొలంనుంచి వచ్చిన ఈగలన్నీ లోపలికి చేరాక వాకిలికి జాలీ బిగించి, ట్రాలీ ఆటోలో అడుగున గడ్డి పరిచి తెచ్చాం. స్పీడు బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ లోపలినుంచి ఒక్కసారిగా బుస్సుమని శబ్దం. పుట్ట తేనెటీగల అలవాటిది. పెట్టె మీద తట్టితే అన్నీ కలిసి రెక్కలాడించి బుస కొడతాయి. ఆటో తమ్ముడు, "సార్, లోపట పాముందా ఏంది?" అని రెండుసార్లు అడిగాడు.

మర్నాడు జాలీ తీశాను. మధ్యాహ్నం పన్నెండు, రెండు మధ్య పెట్టె ముందు యాభై అరవై ఈగలు ముఖం పెట్టె వైపు తిప్పి, అటూ ఇటూ ఊగుతూ ఎగిరాయి. కొత్త ఇల్లు గుర్తుపెట్టుకునే పని. చూసేవాళ్లకు మాత్రం దాడికి తయారైనట్టుంటుంది. అందుకే పొద్దున్నే గ్రూపులో పెట్టాను, మధ్యాహ్నం మా డాబా మీద ఈగల ఆట ఉంటుంది, పది పదిహేను నిమిషాల్లో ఆగిపోతుంది, ఎవరూ టెన్షన్ పడొద్దు అని. పెద్దసారు కుర్చీ వేసుకుని తన డాబా మీంచి చూశారు.

ఫిబ్రవరి

మొదటిసారి పూర్తిగా తెరిచి చూశాను. కొబ్బరి పీచు వేసిన పొగడబ్బా, తెల్ల చొక్కా, ముఖానికి వల. ముదురు రంగు బట్టలు, అత్తరు వద్దు. అరటిపండు తిని కూడా పోవద్దు. కుట్టినప్పుడు ఈగ వదిలే వాసనలో అరటిపండు వాసననిచ్చే పదార్థమే ఉంటుంది, అది తగిలితే మిగతావి కుట్టడానికి వస్తాయి.

మూడో ఫ్రేము మెల్లగా పైకి లాగి ఎండకు పట్టాను. గదుల అడుగున బియ్యపు నూక కన్నా సన్నని తెల్ల గుడ్లు, ఒక్కో గదికి ఒక్కటి, నిలబెట్టినట్టు. పక్క వరసల్లో పాలలో తేలుతున్న పురుగులు, ఆ బయట గోధుమరంగు మైనపు మూతలు. పై అంచున వేలెడు వెడల్పున తడి తేనె, ఇంకా మూత వేయలేదు. ఒక కూలి ఈగ వెనక కాళ్లకు నారింజ రంగు పుప్పొడి ముద్దలతో వచ్చి, ఖాళీ గది వెతుక్కుంటూ నా బొటనవేలి మీదుగా నడిచిపోయింది. రాణి కిందికి జారుకుంది, నల్లటి పొడుగాటి వెనక భాగమే కనపడింది. గుడ్లున్నాయి కదా, రాణి కోసం వెతకక్కర్లేదు. మూసేశాను.

మార్చి, మొదటి వారం

గొడవ మొదలైంది, అయితే కుట్టడం వల్ల కాదు.

వెనకింటి చెల్లె దండెం మీంచి ఒక తెల్ల లుంగీ తెచ్చి చూపించింది. దాని మీద ఆవగింజంత పసుపు మచ్చలు, ఇరవై దాకా. ఈగలు గూట్లో దొడ్డికి పోవు, బయటికొచ్చి ఎగురుతూనే వదులుతాయి. పుప్పొడి బాగా తిన్న రోజుల్లో పసుపుగా పడుతుంది, బట్టకు పడితే ఆరాక ఉతికినా అంత తొందరగా పోదు. ఏ దేశపు రూల్స్‌లోనూ దీని ప్రస్తావన నాకు కనపడలేదు గానీ, వాడకట్టులో గొడవయ్యేది ముందు దీనికే.

వాకిళ్లు ఖాళీ ప్లాటు వైపే ఉన్నా, ఎదురుగాలి వల్లనో ఏమో ఈగలు పైకి లేచి వెనక్కి తిరిగి క్యాంపస్ వైపు పోతున్నాయి. ఆ దారి సరిగ్గా వాళ్ల దండెం మీదుగా ఉంది. షేడ్ నెట్‌ను వెనక పక్కకు కూడా పొడిగించి, ఆ మూలలో ఇంకో రెండడుగులు ఎత్తు పెంచాను. ఎత్తుగా పోతే మచ్చలు చెదిరిపోతాయి, ఒకచోట పడవు. చెల్లె కూడా దండెం మెట్లగది అవతలికి మార్చుకుంది. లుంగీ కొనిస్తానన్నాను. "లుంగీ ఎందుకన్నా, తెల్లయి లోపట ఆరేసుకుంటం గని, ఆదివారం దుప్పట్లు పిండుకుంటం, ఆనాడు పెట్టె తెరవకు" అంది. కాగితంలో ఆ ఒక్క లైను చేర్చి మళ్లీ సంతకాలు చేయించాను.

మార్చి, మూడో వారం

ట్యాంకు మీద కొండ తేనెటీగల పట్టు మళ్లీ పడింది. పూతల కాలానికి ఇవి ఎక్కడెక్కడినుంచో వస్తాయి, నిరుడు పెట్టిన చోటే పెట్టడం వీటికి అలవాటు. కానీ ఈసారి గల్లీలో ఒక మాట పుట్టింది, "సారు పెట్టెలకెళ్లి పెరిగినయే అక్కడ చేరినయి" అని. ఎవరో వార్డు ఆఫీసుకు కంప్లయింట్ ఇచ్చారు.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చారు. పేరుకు నాలుగు మాటలు మాట్లాడి పోతారనుకున్నాను, కాదు, డాబా ఎక్కి చూశారు. స్టాండు కాళ్ల గిన్నెలు, నీళ్ల మూకుడు, నెట్ ఎత్తు చూశారు. ఒప్పంద కాగితం చూపించాను. దాన్ని మొత్తం చదివి ఫోన్లో ఫొటో తీసుకున్నారు. పెట్టె వాకిలి దగ్గర ఒక ఈగను, ట్యాంకు కింద రాలిపడ్డ చచ్చిన కొండ ఈగను పక్కపక్కన పెట్టి చూపించాను. ఇంక వాదన అక్కర్లేకపోయింది.

"మీ పెట్టెల మీద నేనేం రాయను, కానీ మీరు మాకొక లెటర్ ఇయ్యాలె" అన్నారు. అది మంచి సలహా. పెట్టెలు ఎన్ని, ఏ జాతి, ఏ వైపు వాకిలి, నీళ్లు, నెట్, ఎవరెవరి సంతకాలు, నా ఫోన్ నంబరు అన్నీ ఒక పేజీలో రాసి, ఫొటోలు జతచేసి ఇచ్చాను. రెండో కాపీ మీద తేదీతో రిసీవ్డ్ ముద్ర వేయించుకున్నాను. ఇది పర్మిషన్ కాదు. రేపు ఎవరైనా కేసు పెడితే జాగ్రత్తలు తీసుకున్నాడని చూపించడానికి ఒక ఆధారం, అంతే. నా మట్టుకు నాకు ఈ ముద్ర పడ్డ కాపీ పెట్టెల కంటే విలువైంది.

ట్యాంకు పట్టు సంగతి వేరే. టైర్లు కాల్చి పొగబెడదామని కొందరు కుర్రాళ్లు రెడీ అయ్యారు. పగలు అలా చేస్తే గల్లీ మొత్తం ఆస్పత్రిలో ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ సారు ట్యాంకు మెట్లకు తాళం వేయించి, కింద పిల్లలు ఆడొద్దని బోర్డు పెట్టించారు. పూత అయిపోతే అవే లేచిపోతాయి.

ఇంకో పని కూడా అయింది. దోమల పొగబండి మా గల్లీకి వచ్చే రోజు ముందే ఫోన్ చేస్తామని జవాన్ ఒప్పుకున్నాడు. ఆ మందుకు దోమా ఈగా తేడా తెలియదు. బండి వచ్చేది పొద్దుగూకాక కాబట్టి ఈగలు లోపలే ఉంటాయి. వాకిళ్లకు తడిబట్ట అడ్డం పెట్టి, పొగ ఆరాక తీసేస్తున్నాను.

ఏప్రిల్

వేప పూత బాగా వచ్చింది, వెంటనే కానుగ. ఈగలు ఎక్కువున్న పెట్టె నిండిపోయింది. పట్టుల అడుగు అంచున వేరుశనగ కాయల్లా వేలాడుతూ, కొత్త రాణులు పెరిగే రాణి గదులు నాలుగు కనిపించాయి. అంటే ఇంకో వారంలో పాత రాణి సగం ఈగలతో గుంపు లేచి పోతుంది. ఎక్కడ వాలుతుందో మన చేతిలో ఉండదు. పెద్దసారు మామిడి కొమ్మ కావొచ్చు, ట్యూషన్ సెంటర్ కిటికీ కావొచ్చు. జర్మనీ వాళ్ల సివిల్ కోడ్‌లో ఇలా లేచిపోయిన గుంపు కోసమే 961 నుంచి 964 దాకా సెక్షన్లున్నాయి. యజమాని వెంటనే వెంటపడాలి, పక్కవాళ్ల స్థలంలోకి కూడా పోవచ్చు, నష్టం జరిగితే కట్టాలి, వెంటపడటం ఆపితే గుంపు మీద హక్కు పోతుంది. మన దగ్గర అలాంటి రాత ఏదీ లేదు, గేటు దగ్గర నిలబడి "అమ్మా, మా ఈగలు మీ చెట్టుకున్నయి" అని బతిమాలుకోవాలి.

గుంపు లేవకుండా చేసే సులువైన పని పెట్టెను విభజించడం. పాత రాణిని, మూడు ఫ్రేములను వేరే పెట్టెలోకి మార్చాలి. కానీ అప్పుడు మూడు పెట్టెలవుతాయి. కాగితంలో రెండే అని రాసిచ్చాను. కొన్నాళ్లకే కదా అని మా తమ్ముడు, చూసేదెవరని ఇంకో మిత్రుడు. వాళ్లు చెప్పింది తేలికే, కానీ వెనకింటి చెల్లె లెక్కబెట్టదా?

హసన్‌పర్తి అవతల ఒక మిత్రుడికి మామిడితోట ఉంది. విభజించిన సాయంత్రమే కొత్త పెట్టె అక్కడికి పోయింది. దూరం మంచిదే అయింది, కిలోమీటరున్నర దాటితే ఈగలు పాత చోటికి తిరిగి రాలేవు. మిగిలిన పెట్టెలో ఒక్క రాణి గది ఉంచి మిగతావి గిల్లేశాను.

మే

ఎండ 44 దాటింది. పెట్టె లోపల పిల్లల గది 34, 35 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి కాబట్టి ఈగల పని ఇప్పుడు తేనె కాదు, నీళ్లు మోయడం. మూకుడు రోజుకు రెండుసార్లు నింపాల్సి వస్తోంది. పెట్టెల మీద తాటాకు కప్పి, దాని మీద తడి గోనెసంచి వేస్తున్నాను. మధ్యాహ్నం వాకిలి దగ్గర వరసగా నిలబడి రెక్కలతో విసురుతుంటాయి, చెయ్యి పెడితే వెచ్చటి గాలి తగులుతుంది.

ఎండ ముదరకముందే తేనె తీశాను. ముందు ఒక చుక్క తేమ కొలిచే పరికరం మీద వేస్తే 21 శాతం దాటింది. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లెక్క ప్రకారం 20 మించొద్దు, మించితే పులుస్తుంది. ఇంకో వారం ఆగి, గదులకు ముప్పావు వంతు మూతలు పడ్డాక చూస్తే 19. రెండు పెట్టెలకు కలిపి నాలుగు కిలోల పైచిలుకు. రంగు ముదురు, చివర్లో కొంచెం వగరు. తేనె తీసుకున్నవాళ్లలో సగం మంది "బెల్లం పానకం కలపలే కదా?" అని అడిగారు, అది మన దేశపు ఆచారం, ఏం చేస్తాం. అమ్మడం లేదు. అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్, సీసా మీద లేబుల్, ఆ తతంగం వేరే. సంతకం పెట్టిన ప్రతి ఇంటికీ ఒక చిన్న సీసా ఇచ్చాను. ఎదురింటి కింది వాటాలో ఏడాది నిండని పాప ఉంది, పాపకు మాత్రం ఒక్క చుక్క కూడా నాకించొద్దని చెప్పి ఇచ్చాను. ఏడాది లోపు పిల్లలకు తేనె వల్ల బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదముంది. వాళ్ల నానమ్మకు నా మాట నచ్చలేదు.

ట్యాంకు మీది పట్టు ఖాళీ అయింది. ఎండిన మైనం మాత్రం ఉంది.

మే, చివరి వారం

కుడి పక్క ఖాళీ ప్లాటులో ముగ్గు పోశారు. ఓనరు కరీంనగర్‌లో ఉంటారు, అన్ని సంతకాల్లోనూ ఆయన ఒక్కరిదే లేదు, ఖాళీ జాగకు ఎవరు సంతకం పెడతారని వదిలేశాం. ఇప్పుడు పిల్లర్లు లేచి, మొదటి స్లాబు సెంట్రింగ్ పడితే పనివాళ్ల తలలు సరిగ్గా నా పెట్టెల వాకిళ్లకు ఎదురుగా వస్తాయి. నెట్ మీంచి లేచిన ఈగ నేరుగా రాడ్లు కట్టేవాళ్ల మొహం మీదికి పోతుంది.

ఆయనకు ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడారు. "మీ తేనె సంగతి ఇల్లు కట్టినంక మాట్లాడుకుందాం సార్, ముందైతే లేబర్ పారిపోకుండ చూడండి."

పెట్టెల్ని డాబా మీదే ఎడమ మూలకు జరపొచ్చు గదా అంది అమ్మ. ఒకేసారి నాలుగైదు మీటర్లు జరిపితే బయటికి పోయిన ఈగలు పాత చోటికే వచ్చి గాల్లో గుంపు కడతాయి. రోజుకు అడుగు చొప్పున జరపాలి, అట్లా జరిపినా వాకిలి పెద్దసారు ఇంటి వైపు తిరుగుతుంది, అది కాగితానికి విరుద్ధం. అందుకే రెండింటినీ హసన్‌పర్తి తోటకే పంపిస్తున్నాను. వానలు పడ్డాక అక్కడే చక్కెర, నీళ్లు సమపాళ్లలో కలిపిన పాకం పెట్టాలి, మైనపు పురుగు పడుతుందేమో వారం వారం చూడాలి. వార్డు ఆఫీసుకు పెట్టెలు తీసేస్తున్నట్టు ఇంకో లెటర్ రాశాను, దాని మీద కూడా ముద్ర వేయించాలి. ట్రాలీ ఆటో ఆ తమ్ముడిదే. ఈసారి పాము కాదని ముందే చెప్పాను, అయినా వంద ఎక్కువ అడిగాడు.